తిరగని కారుకు అంత ధర తగునా?

తయారై దశాబ్దాలు గడిచినా దాదాపు తిరగకుండానే మిగిలిపోయిన కార్లకు అమెరికా, ఐరోపా వేలంపాటల్లో అసాధారణమైన ధర పలుకుతోంది. 1994 నాటి టొయోటా సుప్రా ట్విన్ టర్బో ఒకటి 2019 మార్చిలో ఫ్లోరిడాలోని అమీలియా ఐలండ్ వేలంలో 1,73,600 డాలర్లకు అమ్ముడైంది. పాతికేళ్లలో అది తిరిగింది దాదాపు 11,200 మైళ్లు, అంటే 18,000 కిలోమీటర్లు. 1995లో తయారైన మెక్‌లారెన్ ఎఫ్1 ఒకటి 2021 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో 2 కోట్ల 4 లక్షల 65 వేల డాలర్లు పలికింది. దాని ఓడోమీటర్ మీద ఉన్నది 242 మైళ్లు, అంటే 390 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి తిరిగి రావడానికే అంతకంటే ఎక్కువ తిరగాలి.

అదే మోడల్ కారు బాగా తిరిగినదైతే ఇంత పలకదు. తిరగకపోవడం వల్ల చేరిన ఈ అదనపు ధర న్యాయమైనదా అన్నది ఇక్కడి చర్చ. ఆ ధరను సమర్థిస్తూ ఒక సేకర్త, ప్రశ్నిస్తూ ఒక ఆటోమొబైల్ ఇంజినీరు మాట్లాడుతున్నారు.

ధర దేనికి?

సేకర్త: ఇంజినీరు గారూ, ఈ కార్లను ఎవరూ ప్రయాణం కోసం కొనడం లేదు. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన రోజున కారు ఎలా ఉండేదో చూపే సాక్ష్యంగా కొంటున్నారు. రంగు ఎంత మందాన వేశారు, వెల్డింగ్ ఎక్కడెక్కడ పెట్టారు, బోల్టుల మీద ఏ గుర్తులు వేశారు, సీటు తోలును ఎలా కుట్టారు అన్న వివరాలు కారు తిరిగే కొద్దీ, మరమ్మతులు జరిగే కొద్దీ చెరిగిపోతాయి. పూర్తిగా విప్పి కొత్తగా చేసిన కారు ఎంత మెరిసినా, అది ఆ పని చేసినవారి అంచనా మీద ఆధారపడిందే. ఆ అంచనా సరైనదో కాదో తేల్చడానికి తాకని కారు ఒకటి ఎక్కడో మిగిలి ఉండాలి. ప్రతి ఆగస్టులో జరిగే పెబుల్ బీచ్ పాత కార్ల పోటీలో 2001 నుంచి ఇలాంటి వాటికి ప్రత్యేక విభాగమే పెట్టారు. 2024లో ఆ విభాగం నుంచి వచ్చిన 1934 నాటి బుగాటి టైప్ 59 స్పోర్ట్స్ మొదటిసారిగా పోటీ మొత్తానికే అగ్ర బహుమతి గెలిచింది.

ఇంజినీరు: మీరు చెప్పిన బుగాటి ఎదుటి వాదానికే బలమిస్తుందండీ. అది గ్రాండ్ ప్రి పందేల్లో పరుగెత్తిన కారు. ఆ తర్వాత బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ చేతికి వెళ్లింది. దాని మీద పడిన గీతలను, అరిగిన రంగును అలాగే ఉంచారు కాబట్టే దానికి గౌరవం దక్కింది. అది తాకని కారే కానీ తిరగని కారు కాదు. ఈ రెండు గుణాలూ వేరు. వేలం కేటలాగులు మాత్రం రెంటినీ ఒకటిగానే చూపిస్తాయి.

సేకర్త: వేరే అయినా వాటికి దగ్గరి సంబంధం ఉంది. లక్ష మైళ్లు తిరిగిన కారులో క్లచ్ మారుతుంది, బ్రేక్ డిస్కులు మారతాయి, షాకబ్జార్బర్లు మారతాయి, సీటు తోలు చిరుగుతుంది, ఎక్కడో ఒకచోట రంగు మళ్లీ పడుతుంది. వెయ్యి మైళ్ల కారులో ఇవన్నీ మొదటివే ఉండటానికి అవకాశం ఎక్కువ. తక్కువ రీడింగ్ అసలు రూపుకు సూచిక.

ఇంజినీరు: సూచిక అంటే అభ్యంతరం లేదు. సూచికనే సరుకుగా అమ్మడం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

అరుదుదనం

సేకర్త: సరుకు కూడా అరుదైనదే. మెక్‌లారెన్ ఎఫ్1 కార్లు మొత్తం తయారైనవి 106. వాటిలో 390 కిలోమీటర్ల దగ్గర ఆగినది మళ్లీ దొరకడం కష్టం. సుప్రా, హోండా సివిక్ లాంటివి ఎక్కువ సంఖ్యలో వచ్చినా, వాటి యజమానుల్లో చాలామంది కుర్రకారు. ఇంజిన్లు మార్చారు, టర్బోలు పెంచారు, రాత్రి పందేల్లో తిప్పారు. 2001లో వచ్చిన 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' సినిమా ఆ మోజును ఇంకా పెంచింది. అందువల్ల కంపెనీ ఇచ్చిన రూపులోనే మిగిలినవి చాలా కొద్ది. 2000 మోడల్ హోండా సివిక్ ఎస్ఐ, 5,600 మైళ్లు తిరిగినది, 2020లో ఆన్‌లైన్ వేలంలో 50,000 డాలర్లు పలికింది. దాచాలని ఎవరికీ తోచని కారును ఒకరు దాచారు కాబట్టి దానికి ఆ ధర.

ఇంజినీరు: సూత్రం సరైనదే. దాన్ని తిరగేసి కూడా చదవాలి. అందరూ దాచిన కారు అరుదు కాదు. 1978లో ఇండియానాపొలిస్ 500 పందెంలో పేస్ కారుగా ముందు నడిచిన కార్వెట్‌కు ప్రతిరూపాలుగా షెవ్రొలే 6,502 కార్లు చేసింది. కాగితం మీద ధర 13,653 డాలర్లు. అవి మునుముందు బంగారమవుతాయన్న ప్రచారంతో జనం షోరూముల మీద పడ్డారు. అంతకు రెట్టింపు ఇచ్చినవారూ ఉన్నారు. కొన్నవారిలో ఎంతోమంది కారును నేరుగా షెడ్డులో పెట్టి కవరు కప్పారు. ఫలితంగా నలభై ఏళ్ల తర్వాత కూడా తిరగని పేస్ కార్వెట్లు కావలసినన్ని దొరుకుతున్నాయి. 1976లో కాడిలాక్ తన ఎల్డొరాడోను అమెరికాలో ఆఖరి కన్వర్టిబుల్‌గా చెప్పుకుని ఆ ఏడాది 14,000 అమ్మింది. 1984లో ఆ కంపెనీయే మళ్లీ కన్వర్టిబుల్ తెచ్చింది. ఆఖరిదని నమ్మి దాచుకున్నవారు కోర్టుకెక్కారు.

సేకర్త: ఆ రెండూ కంపెనీలు చేసిన హడావిడి నుంచి పుట్టిన ఉదాహరణలు. మెక్‌లారెన్‌కు అవి వర్తించవు.

ఇంజినీరు: మెక్‌లారెన్‌నే తీసుకుందాం. తయారైన తర్వాత కంపెనీయే ఎల్‌ఎమ్ అనే మరో తరహాలోకి మార్చిన ఎఫ్1 ఒకటి 2019లో ఒక కోటీ 98 లక్షల డాలర్లు పలికింది. ఫ్యాక్టరీ రూపు మారిపోయిన ఆ కారుకు, రెండేళ్ల తర్వాత అమ్ముడైన తిరగని కారుకు మధ్య తేడా 7 లక్షల లోపే. అంటే ధరలో అత్యధిక భాగం ఎఫ్1 అన్న పేరుది, 106 అన్న అంకెది. ఇక 2023 నవంబర్‌లో న్యూయార్క్‌లో 5 కోట్ల 17 లక్షల డాలర్లు పలికిన 1962 నాటి ఫెరారీ సంగతి చూడండి. అది 250 జీటీఓ కుటుంబానికి చెందినది. నూర్‌బర్గ్‌రింగ్‌లో 1000 కిలోమీటర్ల పందెంలో రెండో స్థానం తెచ్చుకుంది, లె మాన్స్ 24 గంటల పందెంలో దిగి మధ్యలో తప్పుకుంది. దాని విలువ పరుగెత్తడం వల్ల వచ్చింది. చరిత్ర ఉన్న కారును మైళ్లు తక్కువ చేయలేవు.

కదలని కారుకు ఏమవుతుంది?

ఇంజినీరు: తిరగని కారు కొత్తదానితో సమానమన్న నమ్మకం యంత్రం తెలిసినవారికి ఉండదు. కారుకు రెండు రకాల వయసు ఉంటుంది. ఒకటి తిరిగిన దూరం తెచ్చేది, రెండోది గడిచిన కాలం తెచ్చేది. ఓడోమీటర్ మొదటిదాన్నే లెక్కపెడుతుంది. రబ్బరు సీళ్లు, గొట్టాలు ఎండి బిరుసెక్కి పగుళ్లిస్తాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దాంతో అది మరిగే ఉష్ణోగ్రత తగ్గడమే కాక లోపలి సిలిండర్లకు తుప్పు పడుతుంది. చాలా కంపెనీలు దాన్ని రెండేళ్లకోసారి మార్చమంటాయి. ట్యాంకులో నిలిచిన పెట్రోలు జిగురుగా మారి ఇంజెక్టర్లను మూసేస్తుంది. టైమింగ్ బెల్టును మైళ్లతో పాటు ఏళ్ల లెక్కన కూడా మార్చాలి. ఫెరారీ ఎఫ్40లో ఇంధనం ఉండేది రబ్బరు సంచుల్లో. కారు ఒక్క అడుగు వేయకపోయినా వాటిని సుమారు పదేళ్లకోసారి మార్చాలి. 1980, 90ల ఎలక్ట్రానిక్ పెట్టెల్లోని కెపాసిటర్లు కారి బోర్డును తినేస్తాయి. ఎప్పుడో ఒకసారి స్టార్ట్ చేసి రెండు నిమిషాల్లో ఆపేస్తే ఇంకా చేటు. పొగగొట్టంలో, ఇంజిన్ ఆయిల్‌లో చేరిన నీరు ఆవిరయ్యేంత వేడి పుట్టదు కాబట్టి అది లోపలే ఉండి తుప్పు పట్టిస్తుంది.

సేకర్త: ఇవన్నీ నిర్లక్ష్యానికి గుర్తులు. తేమను, వేడిని అదుపులో ఉంచిన గదిలో, ద్రవాలు మారుస్తూ, ఏడాదికి కొన్నిసార్లు ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నడిపితే కారు దశాబ్దాల పాటు నిలుస్తుంది.

ఇంజినీరు: నిలుస్తుంది. అయితే ఆ పనికి ఏటా డబ్బు కావాలి, క్రమశిక్షణ కావాలి. రెండూ లేనప్పుడు ఏం జరుగుతుందో చెప్పే ఉదాహరణలు అమెరికాలోనే ఉన్నాయి. ఓక్లహామా రాష్ట్రంలోని టల్సా నగరంలో 1957 జూన్ 15న సరికొత్త ప్లిమత్ బెల్వెడేర్ కారును కాంక్రీటు గదిలో పెట్టి భూమిలో పూడ్చారు. యాభై ఏళ్ల తర్వాతి తరానికి అది కానుక. 2007లో వేలాది మంది చూస్తుండగా బయటికి తీస్తే గదిలోకి నీరు చేరి, కారు తుప్పు ముద్దయి ఉంది. ఎక్కడికీ తిరగని కారు, ఎందుకూ పనికిరాని కారు. నెబ్రాస్కాలోని పియర్స్ అనే చిన్న ఊళ్లో లాంబ్రెక్ట్ షెవ్రొలే డీలర్ అమ్ముడుపోని కార్లను, మారకానికి వచ్చిన కార్లను దశాబ్దాల పాటు అలాగే ఉంచేశాడు. 2013 సెప్టెంబర్‌లో సుమారు 500 వాహనాలను వేలం వేశారు. ఎన్నో ఆరుబయట వానకు, మంచుకు నానినవి. దాదాపు యాభై కార్లు కొత్తగా అమ్ముడవకుండా మిగిలినవి.

సేకర్త: అక్కడే 1958 నాటి షెవ్రొలే కామియో పికప్ 1,40,000 డాలర్లు పలికింది. దాని రీడింగ్ 1.3 మైళ్లు. 11 మైళ్లు తిరిగిన 1963 ఇంపాలాకు 97,500 డాలర్లు వచ్చాయి. దుమ్ముతో, మచ్చలతో ఉన్నా కొన్నారు. డీలర్ దగ్గరే ఆగిపోయిన కారు అన్న కథ అలాంటిది.

ఇంజినీరు: ఆ ధర కథకు పెట్టినదని మీరే అంటున్నారు. కథకు ధర కట్టడం తప్పు కాదు. యంత్రం కొత్తగా ఉందనుకుని ఆ ధర కట్టడమే తప్పు. ప్రాణాల మీదికి కూడా వస్తుంది. 2013 నవంబర్‌లో నటుడు పాల్ వాకర్ మరణించిన పోర్షె కరేరా జీటీ ప్రమాదానికి అతివేగం కారణమని పోలీసు విచారణ తేల్చింది. టైర్లకు తొమ్మిదేళ్లు దాటాయని, ఆ వయసు కూడా పట్టు తగ్గడానికి దోహదపడి ఉండవచ్చని చెప్పింది. తక్కువ తిరిగిన కారు కొన్నవారు మొదట చూడాల్సింది టైరు గోడ మీది నాలుగంకెల తేదీ గుర్తు. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. గాళ్లు లోతుగా కనిపించినంత మాత్రాన టైరు మంచిది కాదు.

రాబడి లెక్క

సేకర్త: ఎంత ఖర్చయినా, ధర పెరిగితే ఆ ఖర్చు తిరిగి వస్తుంది. పాతికేళ్ల సుప్రా అదే చూపింది.

ఇంజినీరు: ఆ సుప్రా లెక్కే వేద్దాం. వేలంలో పాట ఆగింది 1,55,000 డాలర్ల దగ్గర. కొన్నవారి మీద పడే 12 శాతం రుసుము కలిస్తే 1,73,600 అయింది. పేపర్లో పడిన ధర అమ్మినవారి చేతికి రాదు. పేస్ కార్వెట్ లెక్క ఇంకా స్పష్టం. 1978లో 13,653 డాలర్లు పెట్టినవారికి కేవలం అమెరికాలో ధరల పెరుగుదలను తట్టుకోవడానికే 2018 నాటికి సుమారు 52,000 డాలర్లు రావాలి. ఏడాదికి 5 శాతం చక్రవడ్డీ వచ్చే చోట ఆ సొమ్ము పెడితే 96,000 దాటేది. ఆ కార్లలో ఎక్కువ భాగం 52,000కు కూడా చేరలేదు. పైగా ఈ లెక్కలో నలభై ఏళ్ల బీమా, షెడ్డు అద్దె, నిర్వహణ కలపలేదు. ధరలు ఒక్కసారిగా కూలడమూ ఉంది. 1988లో ఎంజో ఫెరారీ మరణించాక, జపాన్ డబ్బు మార్కెట్లోకి పోటెత్తిన కాలంలో ఎఫ్40 ధర కంపెనీ ధరకు ఎన్నో రెట్లు పలికింది. 1990ల మొదట్లో ఆ మార్కెట్ కుప్పకూలింది.

సేకర్త: ఓర్పుతో ఆగినవారికి అదే ఎఫ్40 ఇప్పుడు 30 లక్షల డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. కారు గొప్పదైతే మార్కెట్ తిరిగి వస్తుంది.

ఇంజినీరు: కారు గొప్పదైతే అన్న షరతు మీద ఇద్దరమూ ఒక మాటకు వచ్చాం. ఎఫ్40లు 1,300కు పైగా తయారైనా దాని పేరు నిలిచింది. సివిక్ సంగతి అలా చెప్పలేం. యవ్వనంలో ఆ కారును గోడ మీద బొమ్మగా చూసుకున్న తరం చేతికి ఇప్పుడు డబ్బు వచ్చింది. ఆ తరం తర్వాత అడిగేవారు ఉంటారో లేదో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇంకో చిక్కు కూడా ఉంది. రీడింగ్‌కే ధర కట్టిన కారును యజమాని నడపలేడు. నడిపిన ప్రతి మైలూ కొన్న ధరలోంచి కొంత తీసేస్తుంది.

రీడింగ్‌ను నమ్మడం ఎలా?

ఇంజినీరు: అంత ధర కట్టే అంకెను మార్చడం మాత్రం తేలిక. మీటర్ వెనక్కి తిప్పడం మన సెకండ్ హ్యాండ్ మార్కెట్లో కొత్త విషయం కాదు. అమెరికాలో 1972 నుంచి అది ఫెడరల్ నేరం. అయినా ఏటా నాలుగున్నర లక్షలకు పైగా వాహనాలు తప్పుడు రీడింగ్‌తో అమ్ముడవుతున్నాయని అక్కడి రహదారి భద్రతా సంస్థ అంచనా. పాత కార్లలో చాలావాటికి మీటర్ ఐదంకెలదే. 99,999 తర్వాత మళ్లీ సున్నాలు వస్తాయి. 12,000 చూపే కారు 1,12,000 తిరిగినదై ఉండవచ్చు.

సేకర్త: అందుకే అనుభవం ఉన్నవారు మీటర్ ఒక్కదాన్నే నమ్మరు. ఏటేటా సర్వీసు బిల్లులు, వాటి మీద రాసిన రీడింగులు వరసగా ఉన్నాయా అని చూస్తారు. బ్రిటన్‌లో వార్షిక తనిఖీ రికార్డులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. క్లచ్ పెడల్ రబ్బరు అరుగుదల, డ్రైవర్ సీటు అంచు, స్టీరింగ్ తోలు నునుపు, అద్దాల మీది తేదీ గుర్తులు, బ్రేక్ డిస్కుల మందం ఇవన్నీ ఒకే కథ చెప్పాలి. ఒక్కటి తేడా చెప్పినా ధర సగం చేయాల్సిందే.

ఇంజినీరు: ఈ మాటకు ఎదురు లేదు. కాగితాలు లేని తక్కువ రీడింగ్ వట్టి అంకె. దానికి పైసా అదనంగా ఇవ్వకూడదు.

నడపాలా, దాచాలా?

సేకర్త: చివరిగా విలువల ప్రశ్న. అన్ని కార్లనూ నడిపేస్తే రేపటి తరానికి అసలు నమూనా ఎక్కడిది? హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరిచ్చిన కారు, ఆయన మరణం తర్వాత ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు చేరింది. రాజలాంఛనాల వేళ తప్ప బయటికి రాలేదు. అందుకే ఈనాడు జనం దాన్ని చూడగలుగుతున్నారు.

ఇంజినీరు: అది చూడదగ్గ కారే, ప్రజలకు అందుబాటులో ఉండటమూ సంతోషమే. అక్కడ జనం చూసేది సంస్థాన చరిత్రను, బార్కర్ సంస్థ కట్టిన బాడీని. ఎన్ని మైళ్లు తిరిగిందని అడిగేవారు తక్కువ. మన దేశపు నిబంధనలు కూడా ఈ తేడాను గుర్తించాయి. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ తెచ్చిన వింటేజ్ వాహనాల నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు లేని వాహనానికి 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. అసలు రూపు ఉండాలన్నది షరతు. ఎంత తిరిగిందన్నది షరతు కాదు. ప్రదర్శనకు, పరిశోధనకు, ర్యాలీకి దాన్ని రోడ్డు మీదికి తేవడానికి అనుమతి కూడా ఉంది. కారును కొద్దిగానైనా నడుపుతూ ఉండటమే దాన్ని కాపాడే పద్ధతి.

సేకర్త: ఒక్కో మోడల్‌కు రెండు మూడు కార్లను అలాగే వదలాలి. మిగిలినవి నడవాలి. ఆ కొద్దింటికి ఎక్కువ ధర ఉంటేనే ఎవరైనా వాటిని శ్రద్ధగా చూస్తారు.

ఇంజినీరు: ఆ రెండు మూడింటి విషయంలో అభ్యంతరం లేదు. తక్కువ రీడింగ్ ఉన్న ప్రతి కారూ ఆ రెండు మూడింటిలో ఒకటని చెప్పి అమ్మడం మీదే అభ్యంతరం.

తేలిన మాట

తిరగని కారుకు అదనపు ధర మూడు షరతుల మీద న్యాయమవుతుంది. మొదటిది, మైళ్లతో పని లేకుండానే ఆ మోడల్‌కు చరిత్రలోనో యంత్ర నిర్మాణంలోనో చోటు ఉండాలి. రెండోది, దాని రంగు, భాగాలు ఫ్యాక్టరీవేనని, రీడింగ్ నిజమని కాగితాలు, కారు ఒళ్లు కలిసి రుజువు చేయాలి. మూడోది, ఆగి ఉన్న ఏళ్లలో దాన్ని శ్రద్ధగా చూసిన ఆధారం ఉండాలి. మూడూ కలిసిన కారు పత్రాలయంలోని మూలప్రతి లాంటిది. దాన్ని భరించగల మ్యూజియాలు, పెద్ద సేకర్తలు ఎక్కువ ధర పెట్టి కొంటే అది వృథా కాదు. మొదటి షరతు తప్పితే ఆ ధర ఒక తరం మోజు మీద ఆధారపడుతుంది. రెండోది తప్పితే అది మోసానికి తలుపు తెరుస్తుంది. మూడోది తప్పితే కొన్నవారు కారు ధరతో పాటు మరమ్మతు ఖర్చూ మోయాలి.

పాత కారు మీద ప్రేమతో కొనేవారు ఒకే మోడల్‌లో రెండు కార్లు ఎదురైతే, ఏటా కొంత తిరుగుతూ, సర్వీసు బిల్లులు చక్కగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. దానికి తక్కువ డబ్బు పడుతుంది, అది నమ్మకంగా నడుస్తుంది, నడిపినందుకు దాని విలువ పెద్దగా పడిపోదు. తిరగని కారు మీద పెట్టుబడి పెట్టాలనుకునేవారు ధరల పెరుగుదల, బీమా, షెడ్డు, వేలం రుసుము కలిపి లెక్క వేసుకున్న తర్వాతే పాటకు చెయ్యెత్తాలి.